ఐదు గంటల ఎండ

గుట్ట మీది ఇల్లు,
మార్చి 4

తమ్ముడికి,

మరదలు కత్తిరించి పంపిన పేపరు ముక్క అందింది. ఫొటోలో నువ్వు నా నీలం పుస్తకాన్ని తల పైకెత్తి ఊపుతున్నావు. నీ నోరు అంత పెద్దగా తెరుచుకోవడం నేనెప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు మందు పట్టాలంటే ఆ నోరు తెరిపించడానికి నాకు తల ప్రాణం తోకకి వచ్చేది.

జిరాక్సు తీయించి పది రోజుల్లో ఇచ్చేస్తానని పట్టుకెళ్లిన పుస్తకం అది. సభలో ఊపడానికని నాతో అనలేదు. సరే, కోపం లేదు. ఫొటో కింద రాసింది చదివి కాస్త పొంగిపోయిన మాట కూడా దాచను. 'యార్డు మేస్త్రీ అక్కగారు, రిటైరైన టెలిఫోన్ ఆపరేటరు, ముప్ఫై ఒక్క ఏళ్లుగా తన పెరట్లో ఎండ కొలుస్తున్నారు' అని వేశారు. పక్కింటావిడ రెండుసార్లు చదివించుకుని వెళ్లింది. వాతావరణ ఆఫీసువాళ్లు ఇచ్చిన ప్రశంసాపత్రం గోడ మీద దుమ్ము కొట్టుకుని ఉంటే దించి తుడిచాను. ఒక్క రోజు కూడా ఖాళీ లేని రికార్డు అని అందులో రాసిన ముక్క చదివితే ఇప్పటికీ నా వీపు నిటారుగా అవుతుంది.

కానీ అసలు గొడవేమిటో నాకు సరిగ్గా అర్థం కాలేదు. సభలో కుర్చీలు లేచాయని రాశారు. ఎవరి మీద ఎవరు లేపారు? ఫోను చెయ్యకు. ముప్ఫై ఏళ్లు ఎక్స్ఛేంజిలో ఊరందరి మాటలూ కలిపిన చెవులు ఇవి, ఇప్పుడు నీ మాట సగమే ఎక్కుతుంది. ఉత్తరం రాయి.

ఇంకో మాట. ఆ నీలం పుస్తకంలో ఉన్నవి ఏడాది లెక్కలు మాత్రమే. రోజువారీ రిజిస్టర్లు నా బీరువాలోనే ఉన్నాయి. ఎవరైనా ఏదైనా గుచ్చి అడిగితే, అవి చూడకుండా జవాబు చెప్పకు.

ఆశీస్సులతో,
అక్క

బొగ్గు యార్డు క్వార్టర్లు, నాలుగో వరస,
మార్చి 15

అక్కకి,

పుస్తకం భద్రంగా ఉంది. నా పెళ్లి కోటు కింద పెట్టాను. ఈ ఇంట్లో ఎవరూ ముట్టుకోని వస్తువు అదొక్కటే.

గొడవ చెప్తాను. కాలేజీలో భూగోళం చెప్పే లెక్చరరు ఒకడున్నాడు. మా క్లినిక్కు డాక్టరమ్మ ఉంది. ఇద్దరూ కలిసి ప్రభుత్వానికి అర్జీ పెట్టారు. ఎండలు ఏటేటా ముదిరిపోతున్నాయట, యార్డులో మనుషులు సొమ్మసిల్లి పడిపోతున్నారట, కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు బయట పని ఆపెయ్యాలట. అక్కడితో ఆగితే వినేవాళ్లం. ప్రపంచం మొత్తం వేడెక్కడానికి మేం ఎత్తిపోసే ఈ బొగ్గే కారణం అంటాడు లెక్చరరు. పాతికేళ్లుగా ఊపిరితిత్తుల్లో బొగ్గు నింపుకున్నవాళ్ల ముందు నిలబడి ఆ మాట అన్నాడు. ముందు పని ఆపిస్తారు, తర్వాత యార్డే మూయిస్తారు, అంతే కదా? నాలుగు గంటల పని పోతే సగం రోజు కూలి పోతుంది. అది డాక్టరమ్మ ఇస్తుందా?

అప్పుడు లేచాను నేను. 'ఈ చుట్టుపక్కల ముప్ఫై ఒక్క ఏళ్ల లెక్క ఉన్నది ఒక్క చోటే, అది మా అక్క పెరడు. మొదటి పన్నెండేళ్లలో వేసవికి ఇరవై రెండు రోజులు నలభై డిగ్రీలు దాటింది. ఈ పంతొమ్మిదేళ్లలో ఇరవై నాలుగు. రెండు రోజుల తేడాకి లోకం మునిగిపోతుందా?' అన్నాను. హాలు దద్దరిల్లింది. నా క్రేను డ్రైవరు పొడుగాయన ఉన్నాడు చూడు, వరసకి ఏమీ కాకపోయినా ఇరవై ఏళ్లుగా బావా అంటే బావా అనుకుంటున్నాం, ఆయన లేచి, 'ఎండ సంగతి నాకు తెలీదు. మా బావ పుస్తకం చూసి చెప్పాడు, నాకదే చాలు' అన్నాడు. ఇంకెవడికి నోరు లేస్తుంది?

ఇప్పుడు మేనేజరు నన్ను గదిలోకి పిలిచి కుర్చీ వేయిస్తున్నాడు. విచారణ అధికారి జూన్ రెండో వారంలో వస్తాడు. అప్పటిదాకా మధ్యాహ్నం పని ఆపాలా వద్దా అన్నది మేస్త్రీల ఇష్టానికి వదిలేశారు. మిగతా ఇద్దరు మేస్త్రీలూ నా మొహం చూస్తున్నారు. నేను ఆపలేదు.

నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. రోజువారీ రిజిస్టర్లలో వేసవి పేజీలకి కాపీలు తీయించి, ప్రతి కాపీ మీదా సంతకం పెట్టి పంపు. ఆ లెక్చరరు నీ దగ్గరికి కూడా వస్తాడని విన్నాను. మంచినీళ్లిచ్చి పంపించెయ్యి.

నీ తమ్ముడు

గుట్ట మీది ఇల్లు,
ఏప్రిల్ 2

తమ్ముడికి,

లెక్చరరు వచ్చి వెళ్లాడు. మార్చి 28 మధ్యాహ్నం. నువ్వు చెప్పినదాన్ని బట్టి తల మీద కొమ్ములుంటాయనుకున్నాను. జేబు కింద ఇంకు మరక తప్ప ఏమీ లేదు. నా చెవుల సంగతి చెప్తే ప్రశ్నలన్నీ కాగితం మీద రాసి చూపించాడు. నాలుగు గంటలు కూర్చుని రిజిస్టర్లన్నీ తిరగేశాడు. పెరట్లో థర్మామీటరు పెట్టె చుట్టూ తిరిగి దాని ఎత్తు కొలిచాడు, తలుపు చెక్కల మధ్య సందుల్లో వేలు పెట్టి చూశాడు, తెల్లరంగు ఎప్పుడెప్పుడు వేయించానో అడిగాడు. పక్కింటివాళ్ల గోడ ఏ ఏడు లేచిందో కూడా అడిగాడు. మంచివాడే అనిపించాడు. అడిగినవాటికి జవాబు చెప్పాను.

కాపీలు ఇప్పుడే పంపలేను. మణికట్టు నొప్పిగా ఉంది, అన్ని సంతకాలు పెట్టలేను.

ఒక చిన్న సంగతి అడుగుతాను, నవ్వకు. ఆ మొదటి పన్నెండేళ్లూ నేను పొద్దున ఆరింటికి డ్యూటీకి వెళ్తే మళ్లీ రాత్రి ఏడింటికి ఇల్లు చేరేదాన్ని. పెట్టె తెరిచి చూసేది నువ్వే. చీటీ మీద అంకె రాసి దీపం కింద పెడితే నేను వచ్చి రిజిస్టరులోకి ఎక్కించేదాన్ని. నువ్వు సరిగ్గా ఏ టైముకి చూసేవాడివి? చూశాక గొట్టం విదిలించేవాడివా?

మీ క్రేను బావ ఎలా ఉన్నాడు? మీ అందరిలోకీ నెమ్మదస్తుడు ఆయనే. ఆయన్ని సభల్లోకి లాగకు.

అక్క

బొగ్గు యార్డు క్వార్టర్లు, నాలుగో వరస,
ఏప్రిల్ 20

అక్కకి,

లెక్చరరు మంచివాడే అన్నావు. మా వీధిలో ఆ మాట గట్టిగా అనకు. ఇక్కడ మంగలి షాపులో కూడా రెండు బెంచీలు అయిపోయాయి. ఎండ పెరిగిందనేవాళ్లు ఒక దాని మీద, పెరగలేదనేవాళ్లు ఒక దాని మీద. మంగలి మాత్రం ఎవరి గడ్డం గీస్తుంటే వాళ్ల పార్టీ. మొన్న ఎవరో డాక్టరమ్మ బోర్డుకి తారు పూశారు. నేను పూయించలేదు. తుడిపించనూ లేదు.

టైము అడిగావు. సాయంత్రం ఐదింటికి, ఇంకెప్పుడు? రిజిస్టర్లో అచ్చేసినట్టు పొద్దున ఎనిమిదింటికి నేను లేచిన రోజంటూ ఉంటే దాన్ని కూడా అందులో ఎక్కించాల్సిందే. కాలేజీ నుంచి వచ్చి పుస్తకాలు మంచం మీద పారేసి నేరుగా పెరట్లోకి వెళ్లేవాణ్ణి. గొట్టం చూసి, అంకె రాసి, రెండుసార్లు గట్టిగా విదిలించి పెట్టేసేవాణ్ణి. ఒక్క రోజు మానలేదు. ఉద్యోగంలో చేరాక కూడా, పెళ్లయి ఇక్కడికి వచ్చేదాకా, ఐదు దాటనివ్వలేదు. నీ ప్రశంసాపత్రంలో పన్నెండేళ్లు నావి, గుర్తుందా? అది వచ్చిన రోజు కప్పు ఐస్‌క్రీముతో సరిపెట్టావు.

ఇప్పుడీ పాత ముచ్చట్లెందుకు? నాకు కావలసింది కాపీలు. మణికట్టుకి నూనె రాసుకుని సంతకాలు పెట్టు. మేనేజరు పెట్టిన వకీలు రోజూ అడుగుతున్నాడు.

బావకి ఒంట్లో కాస్త బాగాలేదు. సెలవులో ఉన్నాడు. క్రేను మీద ఇంకొకణ్ణి ఎక్కించాను.

నీ తమ్ముడు

గుట్ట మీది ఇల్లు,
మే 6

తమ్ముడికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. మణికట్టు బాగానే ఉంది. దానికెప్పుడూ ఏమీ కాలేదు.

లెక్చరరు ప్రశ్నలు రాసిన కాగితం నా దగ్గరే ఉండిపోయింది. అందులో పదకొండో ప్రశ్న, 'ఈ ముప్ఫై ఒక్క ఏళ్లూ రోజూ ఏ టైముకి చూశారు?' దాని కింద నేను 'ఎనిమిది' అని రాశాను. రిజిస్టరులో అచ్చు వేసి ఉన్నది కూడా ఎనిమిదే కదా. అతను తృప్తిగా తల ఊపి, ఎందుకు అడిగాడో కూడా రాసి చూపించాడు. అది చదివేసరికి మన తప్పేమిటో తెలిసిపోయింది. అప్పుడైనా దిద్దుకోవచ్చు. దిద్దుకోలేదు. నవ్వి మజ్జిగ ఇచ్చాను.

అతను రాసింది నీకు అర్థమయ్యేట్టు చెప్తాను, నువ్వు ఆ గొట్టాన్ని నాలుగు వేలసార్లు విదిలించినవాడివి. ఆ పాదరసం ఎక్కడిదాకా ఎక్కితే అక్కడే నిలిచిపోతుంది, విదిలిస్తేనే దిగుతుంది. సాయంత్రం ఐదింటికి నలభై ఒకటి ఉందనుకో. నువ్వు చూశావు, రాశావు, విదిలించావు. కానీ బయట ఎండ ఇంకా నలభై ఒకటి దగ్గరే ఉంది. పాదరసం మళ్లీ అక్కడికే ఎక్కి కూర్చుంటుంది. మర్నాడు రోజంతా వాన పడినా సరే, సాయంత్రం నువ్వు వెళ్లి చూస్తే అదే నలభై ఒకటి కనిపిస్తుంది. అది నిన్నటి ఎండ. మనం ఇవాళ్టిదని రాసేశాం. పొద్దున చూస్తే ఈ పేచీ ఉండదు, అప్పటికి గాలి చల్లబడి ఉంటుంది కాబట్టి. అందుకే ఆఫీసువాళ్లు ఎనిమిదని పెట్టారు. మనకి చెప్పలేదు, మనం అడగలేదు. ఏ పూట చూస్తే ఏమిటి, ఎండ ఎండే కదా అనుకున్నాం.

అతను వెళ్లాక బీరువా తెరిచాను. ఆ పన్నెండేళ్ల రిజిస్టర్లూ పేజీ పేజీ చూశాను. పక్క గడిలో నా చేత్తోనే 'రోజంతా ముసురు, సూర్యుడు కనపడలేదు' అని రాసి ఉంది. దాని పక్కనే నలభై ఒకటి అని ఉంది, అదీ నా చేత్తోనే. నేను ఎక్స్ఛేంజి కిటికీలోంచి వాన చూసి వచ్చి, నీ చీటీ చూసి, రెండూ పక్కపక్కన ఎక్కించాను. ఒక్కసారి కూడా నా బుర్రకి తట్టలేదు. అలాంటి దొంగ రోజులు నూట మూడు తేలాయి. ఏడాదికి ఎనిమిదో తొమ్మిదో. అంటే ఆ రోజుల్లో నలభై దాటింది ఇరవై రెండు రోజులు కాదు, పదమూడే. ఇప్పుడు ఇరవై నాలుగు, నువ్వు వెళ్లాక నేను డ్యూటీ మార్పించుకుని పొద్దున ఎనిమిదింటికే చూస్తున్నాను కాబట్టి వాటిలో దొంగ రోజులు లేవు.

ఇంచుమించు రెట్టింపయింది, తమ్ముడూ. లెక్చరరు చెప్పిందే నిజం, మన పుస్తకమే అబద్ధం చెప్పింది.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే సిగ్గుతో. నేను చూడని అంకెలకి పన్నెండేళ్లు సంతకం పెట్టాను. ఇది బయటపడితే గోడ మీది ఆ కాగితం దింపెయ్యాలి. నా జీవితంలో గోడకి తగిలించుకున్నది అదొక్కటే. అతనికి ఉత్తరం రాయాలి. నీకు చెప్పకుండా రాయబుద్ధి కాలేదు. నువ్వు మాత్రం ఆ నీలం పుస్తకాన్ని ఇంకెక్కడా చూపించకు.

అక్క

బొగ్గు యార్డు క్వార్టర్లు,
మే 14

అక్కకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి పొయ్యిలో వేశాను. నువ్వు కూడా ఇంకెవరికీ రాయకు.

నేను ఆ లెక్చరరంత చదువుకున్నవాణ్ణి కాకపోవచ్చు. కానీ ఒకటి చెప్పు. ఇన్నాళ్లూ లేని అనుమానం, వాడెవడో వచ్చి కాగితం ముక్క మీద రాసి చూపించగానే నీకు పుట్టుకొచ్చిందా? పది తక్కువ, పది ఎక్కువ, దాంతో ఏమవుతుంది? నేను రోజూ ఎండలోనే నిలబడతాను. నీడలో కూర్చుని పేజీలు తిప్పే నువ్వు నాకు ఎండ సంగతి చెప్తున్నావు.

నేనిక్కడ నూట యాభై మంది ముందు నిలబడి ఇది మా అక్క లెక్క అని చెప్పాను. ఇప్పుడు వెళ్లి, మా అక్క లెక్క తప్పు, దాన్ని తప్పు చేసింది నేనే అని చెప్పాలా? మొహం ఎక్కడ పెట్టుకోమంటావు? రేపు అధికారి పని ఆపించాడనుకో, కూలి పోయినవాడు ఎవడి ఇంటి మీదికి వస్తాడు? నీ గుట్ట ఎక్కి వస్తాడా?

పైగా సంతకం నీది. ప్రశంసాపత్రం నీది. నేను చీటీ రాసిన వాణ్ణి, అంతే. నువ్వు నోరు తెరిస్తే ముందు పోయేది నీ పరువే, గుర్తుంచుకో.

కాపీలు పంపకపోతే మానెయ్. నా దగ్గర ఉన్న పుస్తకం చాలు. నువ్వు ఆ లెక్చరరుకి ఒక్క అక్షరం రాశావంటే మాత్రం నీకు తమ్ముడు లేడనుకో.

గుట్ట మీది ఇల్లు,
మే 27

తమ్ముడికి,

ఈసారి కింద పేరు కూడా పెట్టలేదు నువ్వు. చేతిరాత చూసి నువ్వేనని తెలుసుకున్నాను.

మరదలు నాకు విడిగా ఒక చీటీ రాసింది. దాని మీద అరవకు. బావ సంగతి నువ్వు చెప్పలేదని దానికి అనుమానం వచ్చి రాసింది. ఏప్రిల్ 11, మధ్యాహ్నం రెండింటికి, క్రేను పైన ఆ ఇనుప గదిలో ఆయన పడిపోయాడట. కింద నుంచి పిలిస్తే పలక్కపోతే ఇద్దరు ఎక్కి దింపారట. ముట్టుకుంటే చర్మం కాలిపోతోందట, ఒక్క చెమట చుక్క లేదట. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడట. ఇప్పుడు మాట ముద్దగా వస్తోందట, చేతులు వణుకుతున్నాయట. గ్లాసు పట్టుకోలేని మనిషి ఇంక క్రేను పిడి ఏం పట్టుకుంటాడు?

నువ్వు నాకు 'ఒంట్లో కాస్త బాగాలేదు' అని రాశావు.

నిన్ను అనడానికి నాకు నోరు లేదు. తేదీలు చూడు. లెక్చరరు నన్ను అడిగింది మార్చి 28న. బావ పడింది ఏప్రిల్ 11న. మధ్యలో పద్నాలుగు రోజులున్నాయి. ఆ రోజే నేను ఐదని రాసి ఉంటే అతను వారంలో మీ అందరికీ చెప్పేవాడు. నువ్వు తిట్టుకుంటూనే పని ఆపేవాడివి, నాకు తెలుసు, నువ్వు మొండివాడివే కాని మనుషుల్ని చంపుకునేవాడివి కాదు. నేను గోడ మీది ప్రశంసాపత్రం అద్దం పగలకూడదని ఊరుకున్నాను. రోజూ పొద్దున్నే ఎనిమిదింటికి పెట్టె తలుపు తెరిచేసరికి ఆయన మొహం గుర్తొస్తోంది. నిన్న అంకె రాసి, అది ఎంతో చూడకుండానే రాశానని తర్వాత తెలిసింది.

విచారణకి నేను రాను. అంత గోలలో నాకు ఒక్క ముక్క వినపడదు. అధికారికి రిజిస్టర్డు పోస్టులో వాంగ్మూలం పంపిస్తున్నాను. ఆ పన్నెండేళ్లూ సాయంత్రం ఐదింటికి చూసింది నేనేనని రాశాను. నీ పేరు ఎక్కడా లేదు. నీకు ఏమీ తెలియదని, పుస్తకం నమ్మి మాట్లాడావని రాశాను. ఆ రోజు నువ్వు ఊరికే కూర్చుంటే చాలు. తమ్ముడు లేడనుకోమన్నావు. అనుకోవడం నా వల్ల కాదు, ప్రయత్నించాను.

అక్క

బొగ్గు యార్డు క్వార్టర్లు, నాలుగో వరస,
జూన్ 16

అక్కకి,

ఏం జరిగిందో పేపర్లో వచ్చేలోపు నేనే చెప్తాను. వాళ్లు ఎలాగూ సగమే వేస్తారు.

విచారణ యూనియన్ హాల్లో పెట్టారు. ఆరు ఫ్యాన్లలో రెండు తిరగలేదు. ఎండ పెరగలేదనేవాళ్లం తువ్వాళ్లతో విసురుకుంటూ కూర్చున్నాం. నీ వాంగ్మూలం ముందు రోజే అందిందని వకీలుకి తెలుసు. నన్ను పక్కకి పిలిచి టైపు చేసిన కాగితం ఒకటి ఇచ్చాడు. అందులో ఏముందో చెప్తాను, కోపం తెచ్చుకుంటే తెచ్చుకో. 'మా అక్కకి వయసు మీద పడింది, చెవులు పోయాయి, ఈ మధ్య మతి నిలకడగా ఉండటం లేదు, ఎవరేం చెప్తే అది నమ్ముతోంది.' అధికారి అడిగినప్పుడు నేను అది చదివితే చాలట. మడిచి జేబులో పెట్టుకున్నాను. చదవకూడదని అప్పటికి నేనేమీ అనుకోలేదు. నీతో అబద్ధమెందుకు, చదువుదామనే ఉంది.

బావ భార్య ఆయన్ని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది. అంత పొడుగు మనిషి కుర్చీలో ముడుచుకుపోయి ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు, ఒక పక్కే నవ్వు వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన్ని చూడటానికి నేను ఒక్కసారే వెళ్లాను. గుమ్మంలో నిలబడి వచ్చేశాను. ఇది కూడా నీకు చెప్పలేదు.

అధికారి నీ వాంగ్మూలం గట్టిగా చదివాడు. 'చూసింది నేనే, తప్పు నాదే, ఇందులో ఇంకెవరికీ సంబంధం లేదు.' మా అక్క అబద్ధం రాయడం ఇదే మొదటిసారి అనుకున్నాను. కాదు, ఎనిమిది అని రాసింది మొదటిది. రెండు అబద్ధాలూ నీ నెత్తిన పెట్టుకున్నావు, ఒకటి నీ కోసం, ఒకటి నా కోసం. నాకు తల కొట్టేసినట్టయింది. నేను లేచాను. వకీలు కాగితం తియ్యమన్నట్టు జేబు వైపు చూపించాడు. 'అయ్యా, ఆవిడ రాసింది తప్పు. ఆ పన్నెండేళ్లూ చూసింది ఆవిడ కాదు, నేను. సాయంత్రం ఐదింటికి. పొద్దున లేవలేక' అన్నాను. ఎవరో నవ్వారు. నవ్వు ఆగేదాకా నిలబడి, ఇరవై రెండు కాదు పదమూడు అని కూడా చెప్పాను.

లెక్చరరు వెంటనే లేచి, చూశారా, బొగ్గు వల్లే ఇదంతా అని అందుకున్నాడు. 'బొగ్గు వల్లో దేని వల్లో నాకు తెలీదు, నేనింకా నమ్మను. ఎండ పెరిగింది. నాకు తెలిసింది అంతే, చెప్పేది అంతే' అన్నాను. దాంతో రెండు బెంచీలవాళ్లకీ చెడ్డవాణ్ణయ్యాను. మావాళ్లు అమ్ముడుపోయాడన్నారు. అటువాళ్లు ఇన్నాళ్లూ దొంగ లెక్క చూపించాడన్నారు. డాక్టరమ్మ మాత్రం నా వైపు చూసి తల దించుకుంది. అధికారి నీ దగ్గరున్న రిజిస్టర్లన్నీ తెప్పించి వాతావరణ ఆఫీసుకి పంపించి, వాళ్లు తేల్చాక తీర్పు చెప్తానన్నాడు. వానలు పడ్డాక అట. అప్పటికి ఎండాకాలమే అయిపోతుంది.

మర్నాడు పన్నెండింటికి నేనే ఈల ఊది దిగమన్నాను. మేస్త్రీ ఇష్టం అన్నారు కదా. నలభై మూడు మందిలో పంతొమ్మిది మంది దిగారు. మిగతావాళ్లు పని ఆపలేదు, కూలి ఎవడబ్బ ఇస్తాడని పైనుంచే అడిగారు. మూడింటికి మేనేజరు పిలిచాడు. ఈసారి కుర్చీ లేదు. రేపటి నుంచి రావద్దని కాగితం ఇచ్చాడు. నీ మరదలు అది చదివి, మడిచి, అన్నం పెట్టింది.

ఇదంతా నేను తట్టుకుంటాను. తట్టుకోలేనిది ఒకటుంది. విచారణ అయ్యాక హాలు గేటు దగ్గర బావ భార్య నన్ను ఆపింది. ఆయన చొక్కా బొత్తాం ఊడిపోతే పెడుతోంది. పెడుతూనే, నా వైపు చూడకుండా, 'అన్నయ్యా, ఈ మాట మార్చిలోనే చెప్పి ఉంటే ఈయన ఆ రోజు పైకి ఎక్కేవాడు కాదు కదా?' అంది. కోపంగా అనలేదు. టైమెంత అని అడిగినట్టు అడిగింది. మార్చిలో నాకు తెలియదు అందామనుకున్నాను. అది నిజమే. కానీ ఆ మాట అంటే, మరి ఎవరికి తెలుసు అని అడుగుతుంది. రేపో ఎల్లుండో నేను వాళ్లింటికి వెళ్లక తప్పదు. ఏం చెప్పమంటావు?

నీ తమ్ముడు

గుట్ట మీది ఇల్లు,
జూన్ 19

తమ్ముడికి,

ఆవిడకి నువ్వేమీ చెప్పకు. ఆ ప్రశ్న నీది కాదు, నాది.

శనివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. స్టాపుకి రాకు, మరదల్ని కూడా పంపకు. మీ ఇంటికి తర్వాత వస్తాను. ముందు వాళ్లింటికి వెళ్తాను.

అక్క